బీరువాలో ఒక కెమెరా, మనసులో రెండు

ప్రశ్న: హనుమకొండ నుంచి ఒక టీచర్ గారు రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 46 ఏళ్లు. ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతారు. వీలైన ఆదివారాల్లో తోటి టీచర్లతో కలిసి చుట్టుపక్కల కాకతీయుల కాలం గుళ్లు చూసి వస్తుంటారు. రామప్ప, గణపురం కోటగుళ్లు, గోడల్లో రావిచెట్లు మొలిచిన ఊరి శివాలయాలు, పొలం గట్ల మీద పడి ఉన్న శాసనాల రాళ్లు. ఇప్పటిదాకా అన్నీ ఫోన్లోనే తీశారు, క్లాసులో పిల్లలకు చూపిస్తారు. పైన ఉన్న శిల్పాన్ని జూమ్ చేస్తే ముద్దగా వస్తోందని, మండపం లోపల తీస్తే మసకగా వస్తోందని ఆమె బాధ.

రెండో కారణం ఇంట్లో ఉంది. మూడేళ్ల కిందట నాన్నగారు పోయినప్పుడు దండ వేసి పెట్టడానికి ఒక్క మంచి ఫోటో దొరకలేదు. ఎవరి పెళ్లిలోనో తీసిన గ్రూప్ ఫోటోలోంచి ఆయన్ని కత్తిరించి పెద్దది చేయించారు. పక్కాయన భుజం ముక్క ఇప్పటికీ ఆ ఫ్రేములో ఉంది. అమ్మగారికి ఇప్పుడు 79. "అమ్మ విషయంలో అలా కాకూడదు" అని రాశారు.

చీటీ పాడుకున్న డబ్బులోంచి లక్ష రూపాయలు కెమెరా కోసం పక్కన పెట్టారు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న కొడుకు మిర్రర్‌లెస్ (డీఎస్ఎల్ఆర్‌లాగే లెన్సులు మార్చుకోవచ్చు, లోపల అద్దం ఉండదు) కొనమంటున్నాడు: "పాతదానికంటే తేలిక, వీడియోలు కూడా తీయొచ్చమ్మా." డాలస్‌లో ఉన్న మరిది సంక్రాంతికి వస్తూ చిన్న కాంపాక్ట్ (లెన్స్ మార్చలేని, జేబులో పట్టే కెమెరా) తెస్తానంటున్నారు: "వదినా, పెద్దవి మీరు మోయలేరు, ఇదైతే హ్యాండ్‌బ్యాగులో పడుతుంది." భర్త మాత్రం, "2016లో నీ పుట్టినరోజుకి కొన్న డీఎస్ఎల్ఆర్ బీరువాలో మూలుగుతోంది, ముందు దాని సంగతి చూడు. అయినా చేతిలో ఫోన్ ఉందిగా" అన్నారు. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. పాత కెమెరా ఎందుకు వాడలేదో కూడా ఆమే చెప్పారు: "పట్టుచీర కట్టుకుని భుజాన అంత బ్యాగేసుకుని తిరగలేను. మెడనొప్పి ఒకటి. పైగా ఆటో మోడ్ తప్ప నాకేమీ రాదు." ఏది కొనాలి, అసలు కొనాలా వద్దా, ఆయనకేం చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

టీచర్ గారూ, ముందు బీరువాలోంచి ఆ పాత కెమెరా బయటికి తీయండి. కొత్తదాని మాట తర్వాత. లెన్స్ విప్పి, గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చి ఒక పక్క నుంచి వేసి గాజులోకి చూడండి. సన్నటి తెల్లని దారాలు అల్లుకున్నట్టు కనిపిస్తే అది ఫంగస్. బట్టల మధ్య, గాలాడని సంచిలో అన్ని వానాకాలాలు గడిపిన లెన్సుకి ఫంగస్ పట్టడం మామూలే. అంచుల్లో కాస్త ఉంటే ఫోటోలో తెలియదు. మధ్యకి పాకితే మాత్రం ఫోటో పాలిపోయినట్టు వస్తుంది. కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే కిట్ లెన్సుని శుభ్రం చేయించడానికి అయ్యే ఖర్చుకి సెకండ్‌హ్యాండ్‌లో అలాంటి లెన్సే దొరికినా దొరకొచ్చు, రెండూ అడిగి చూడండి. తర్వాత బ్యాటరీ ఛార్జ్ చేసి, కెమెరా ఆన్ అవుతోందో లేదో చూడండి.

ఇంత పని ఎందుకంటే, అది బీరువా ఎందుకు ఎక్కిందో సరిగ్గా తెలిస్తే మీ ప్రశ్న సగం తేలిపోతుంది. మీరు చెప్పిన కారణాలు రెండు రకాలు. బరువు ఒకటి, వాడటం రాకపోవడం ఇంకొకటి. ఒకదానికి మందు వేస్తే రెండోది తగ్గదు.

బరువు సంగతి లెక్క వేసి చూద్దాం. మిర్రర్‌లెస్‌లలో తేలికైన వాటిలో ఒకటి కెనాన్ ఆర్50. బ్యాటరీతో కలిపి 375 గ్రాములు. దాంతో వచ్చే 18-45 లెన్స్ 130 (ఈ అంకెలు మి.మీ.లు, పెద్దవయ్యేకొద్దీ దూరంలో ఉన్నది దగ్గరగా వస్తుంది). కలిపి అర కిలో. ఇక్కడి దాకా మీ అబ్బాయి చెప్పింది నిజమే, మీ డీఎస్ఎల్ఆర్ కంటే ఇది బాగా తేలిక. కానీ ఆ లెన్సుకి రామప్ప మదనికలు, అంటే పైన చూరు కింద ఉండే స్త్రీ శిల్పాలు, అందవు. వాటికోసం 55-210 జూమ్ కావాలి, అది 270 గ్రాములు. అమ్మగారి కోసం 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ (ఎఫ్ సంగతి కింద చెబుతాను) కొంటారు, 160 గ్రాములు. మొత్తం 935. సంచి, ఇంకో బ్యాటరీ, నీళ్ల సీసా కలిస్తే ఎక్కడ మొదలుపెట్టారో అక్కడికే వచ్చారు. సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 7 అనే కాంపాక్ట్ బ్యాటరీతో సహా 302 గ్రాములు, మూడు లెన్సుల దూరాలూ దాదాపు అందులోనే ఉన్నాయి. మెడనొప్పి ఉన్న మనిషికి ఈ తేడా షాపులో తెలియదు. మూడో గుడి మెట్లు ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

వాడటం రాకపోవడం అనే దానికి మాత్రం కాంపాక్ట్ మందు కాదు. మంచి కాంపాక్ట్ మీద కూడా మీ డీఎస్ఎల్ఆర్ మీద ఉన్నట్టే మోడ్ డయల్ ఉంటుంది, అవే అక్షరాలు, అవే మెనూలు. ఇంకా చిన్న బటన్లు. ఆటోలోనే వాడితే ఏ కెమెరా అయినా ఫోన్‌కి పెద్దగా తేడా లేని ఫోటోలే ఇస్తుంది, కొన్నిసార్లు ఫోనే నయం. ఎందుకంటే ఫోన్ ఒకేసారి అనేక ఫోటోలు తీసి, వాటిని కలిపి, నీడల్ని తేల్చి ఒకటిగా ఇస్తుంది. కెమెరా ఆ సాయం అంతగా చేయదు. అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలి), షట్టర్ (ఎంతసేపు తెరిచి ఉండాలి), ఐఎస్ఓ (వచ్చిన వెలుతురుని ఎంత పెంచి చూపాలి) ఈ మూడూ ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో నేర్చుకోవడానికి ఒక ఆదివారం చాలు. దానికి మీ పాత కెమెరానే పలక.

ఇక వెలుతురు. చాలామంది మోసపోయేది ఇక్కడే. కాస్త లెక్క ఉంది, మీరు సోషల్ టీచరైనా ఓపిక పట్టండి.

మంచి జూమ్ కాంపాక్టుల్లో ఎక్కువగా ఉండే సెన్సర్‌ని (వెలుతురుని పట్టి ఫోటోగా మార్చే చిప్పు) వన్ ఇంచ్ అంటారు. పేరు అంగుళమే గానీ నిజం కొలత 13.2 × 8.8 మి.మీ. ఆర్50లో ఉండేది ఏపీఎస్-సీ సెన్సర్, 22.3 × 14.9 మి.మీ. వైశాల్యం దాదాపు మూడు రెట్లు. కాబట్టి చీకట్లో మిర్రర్‌లెస్ మూడు రెట్లు మెరుగు అని షాపులో చెబుతారు. మీ అబ్బాయీ అదే చెప్పి ఉంటాడు. అది సగం లెక్క. మిగతా సగం లెన్సుది. లెన్స్ మీద ఎఫ్ పక్కన ఉండే అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు లోపలికి వస్తుంది. ఆ అంకె రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది.

ఇప్పుడు చూడండి. ఆర్50తో వచ్చే కిట్ లెన్స్ ఎఫ్ 4.5 దగ్గర మొదలై, జూమ్ చేసేసరికి 6.3కి చేరుతుంది. కెనాన్‌దే జీ7ఎక్స్ మార్క్ 3 అనే కాంపాక్ట్ లెన్స్ ఎఫ్ 1.8 దగ్గర మొదలవుతుంది. సెన్సర్‌నీ లెన్సునీ కలిపి లెక్కిస్తే, జూమ్ చేయకుండా తీసే ఫోటోకి ఆ చిన్న కెమెరాలోనే రెట్టింపు కంటే ఎక్కువ వెలుతురు అందుతుంది. ఆర్ఎక్స్100 మార్క్ 7 ఎఫ్ 2.8 దగ్గర మొదలవుతుంది, అది కిట్ లెన్స్ మిర్రర్‌లెస్‌తో ఇంచుమించు సమానం. అంటే మిర్రర్‌లెస్ కొని, పెట్టెలో వచ్చిన లెన్సుతోనే కాలక్షేపం చేస్తే చీకటి విషయంలో మీకు ఒరిగేదేమీ లేదు. అదే బాడీకి (అంటే లెన్స్ తీసేసిన కెమెరాకి) 50 మి.మీ. ఎఫ్ 1.8 తగిలించారనుకోండి, కిట్ లెన్సుని పూర్తిగా జూమ్ చేసినప్పటి కంటే పన్నెండు రెట్లు వెలుతురు. జేబులో పట్టే ఏ జూమ్ కాంపాక్టూ దాని దరిదాపుల్లోకి రాదు. మిర్రర్‌లెస్ కొనేవాళ్లకి అసలు లాభం ఆ రెండో లెన్సులోనే ఉంది. అది కొనే ఉద్దేశం లేకపోతే బాడీ మీద పెట్టిన డబ్బు దండగ. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు.

అయితే మీకు రెండు రకాల చీకట్లున్నాయి. గుడిలో చీకటి, ఇంట్లో సాయంత్రం చీకటి.

గుడిలో రాయి కదలదు. అందుకే షట్టర్ నెమ్మదిగా పెట్టుకోవచ్చు, సెకనులో పదో వంతు కూడా. చేతి వణుకుని లెన్సులోని స్టెబిలైజేషన్ చూసుకుంటుంది. నేను చెప్పిన రెండు కాంపాక్టుల్లోనూ అది ఉంది, ఆర్50 కిట్ లెన్సులోనూ ఉంది. ఆ 50 మి.మీ. లెన్సులో లేదు, ఆర్50 బాడీలోనూ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి. పురావస్తు శాఖ వాళ్ల కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, కాబట్టి దాన్ని మర్చిపోండి. రామప్ప రంగమండపం పైకప్పు కావాలంటే కర్చీఫ్ పరిచి, కెమెరాని దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టి పక్కకి జరగండి. ఐఎస్ఓ 100లో, అర సెకను ఎక్స్‌పోజర్‌తో, ఒక్క వణుకు లేకుండా పైకప్పు చెక్కడం మొత్తం దిగుతుంది. దీనికి కాంపాక్టే సుఖం, వీపు చదునుగా ఉంటుంది, ఎవరి కాళ్లకీ అడ్డం రాదు. మీ ఫోన్ కూడా ఇలా పడుకోబెట్టి చూడండి, ఆశ్చర్యపోతారు.

శాసనాల విషయంలో కెమెరాల తేడా ఇంకా తక్కువ. అక్షరం కనబడాలంటే వెలుతురు పక్క నుంచి, రాయిని రాసుకుంటూ పోవాలి. ఉదయం ఎనిమిదికో సాయంత్రం ఐదుకో వెళ్లండి. నీడలో ఉన్న రాయైతే మీ స్నేహితురాలిని ఫోన్ టార్చి పట్టుకుని రాతి అంచు దగ్గర, దాదాపు రాయికి ఆనించి నిలబడమనండి. టార్చి ఎడమ నుంచి ఒకటి, పైనుంచి ఒకటి తీస్తే ఒకదానిలో మాయమైన గీత ఇంకోదానిలో తేలుతుంది. ఎదురుగా ఫ్లాష్ వేస్తే ఎంత ఖరీదైన కెమెరా అయినా రాయిని చదును చేసేస్తుంది. పాడుబడ్డ గుళ్లలో శాసనాల మీద సున్నం, పిండి రుద్ది తీసేవాళ్లు ఉంటారు, మీరు ఆ పని చేయరని నాకు తెలుసు, మీ పక్కవాళ్లని చేయనివ్వకండి.

నిజంగా కెమెరా అవసరమయ్యేది చూరు కింద నల్లరాతి మదనికల దగ్గర. అవి పైన ఉంటాయి, వెనక తెల్లటి ఆకాశం. ఫోన్ జూమ్ ముద్ద చేసేది వాటినే. ముఖం, నగలు విడిగా తీయాలంటే 150 నుంచి 200 మి.మీ. దాకా కావాలి. జీ7ఎక్స్ మార్క్ 3 జూమ్ 100 దగ్గర ఆగిపోతుంది, కాబట్టి వెలుతురులో గెలిచినా ఇక్కడ ఓడిపోతుంది. ఆర్ఎక్స్100 మార్క్ 7 అందుకుంటుంది. మిర్రర్‌లెస్‌తో అయితే 55-210 తగిలించాలి, వివరాల్లో అది కాంపాక్ట్ కంటే బాగుంటుంది కూడా. కానీ ఎండలో, దుమ్ములో, గుడి ముందు నిలబడి లెన్స్ మార్చాలి. మార్చిన ప్రతిసారీ సెన్సర్ మీద ఒక నలుసు పడే అవకాశం ఉంది. స్ట్రీట్ ఫోటోగ్రాఫర్లు మోజుపడే రికో జీఆర్ 3 పేరు కూడా ఎవరో ఒకరు చెబుతారు. 257 గ్రాముల్లో ఏపీఎస్-సీ సెన్సర్, గొప్ప కెమెరా. జూమ్ లేదు. మీకు పనికిరాదు.

అమ్మగారి దగ్గరికి వద్దాం. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద, మాట్లాడుతూ చేతులు తిప్పే మనిషికి స్టెబిలైజేషన్ సాయపడదు, ఆమె కదులుతోంది కదా. అక్కడ కావాల్సింది వెలుతురు, అంటే ఎఫ్ 1.8 లెన్స్. ఈ ఒక్క చోట పెద్ద సెన్సర్, మంచి లెన్స్ కాంపాక్టుని తేలిగ్గా ఓడిస్తాయి. వెనక వంటింటి గట్టు, గోడ మీద క్యాలెండర్ కరిగిపోయి ముఖం ఒక్కటే నిలుస్తుంది.

కానీ దీనికి మిర్రర్‌లెస్సే అక్కర్లేదు. మీ ఉత్తరంలో మీరు గమనించకుండా వదిలేసిన సంగతి ఇదే. మీ డీఎస్ఎల్ఆర్ మామూలు ఇంటి మోడలే అయితే, దాని సెన్సర్ కూడా ఏపీఎస్-సీయే. దానికి ఒక 50 మి.మీ. ఎఫ్ 1.8 తగిలిస్తే అందే వెలుతురు కొత్త మిర్రర్‌లెస్‌కి అందేదే. కొత్తది ఫోకస్‌లో చురుకు, కంటిని వెతికి పట్టుకుంటుంది, వీడియో బాగా తీస్తుంది. కానీ ఇంట్లో కుర్చీలో కూర్చున్న అమ్మని తీయడానికి ఆ చురుకు లేకపోయినా నడుస్తుంది. బరువు సమస్యా లేదు, ఇంట్లో ఎక్కడికి మోస్తారు? లెన్సుల్లో ఇది చవకది. ఒక్క జాగ్రత్త: కొన్ని బాడీలకి లెన్స్ లోపలే మోటార్ ఉండాలి, లేకపోతే ఆటో ఫోకస్ పనిచేయదు. బాడీ షాపుకి తీసుకెళ్లి, తగిలించి, ఫోకస్ అవుతోందని చూసుకుని కొనండి.

పెద్ద కెమెరా ఎత్తితే పెద్దవాళ్లు కొంగు సర్దుకుని పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతారు, అది నిజమే. కెమెరాని టీవీ పక్కన బయటే పెట్టండి. రోజూ నాలుగు ఫోటోలు తీసి ఆమెకే చూపించండి. వారం తిరిగేసరికి పట్టించుకోవడం మానేస్తారు. "దండ ఫోటో" అన్న ఆలోచన మాత్రం మీ మనసులోనే ఉంచుకోండి. ఆ ఆలోచనతో తీస్తే మీ ముఖంలోనే కనిపిస్తుంది, ఆమెకీ తెలిసిపోతుంది.

అసలు దీనికి కెమెరా వచ్చేదాకా ఆగడం ఎందుకు? ఈ వారమే, సాయంత్రం నాలుగింటికి, కిటికీ పక్కన ఆమె చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నప్పుడు ట్యూబ్‌లైట్ ఆర్పేసి ఫోన్‌తో తీయండి. లైటు ఆర్పడం ముఖ్యం, కళ్లజోడు అద్దాల్లో ఆ తెల్లగీత పడదు. గోడకి పెట్టే 8 × 12 అంగుళాల ప్రింటుకి 86 లక్షల పిక్సెళ్లు చాలు. మీ ఫోన్లో అంతకంటే తక్కువ ఉండవు. తీసినవాటిలో నచ్చినవి ప్రింట్ వేయించండి. నాన్నగారి ఫోటో దొరకకపోవడానికి మంచి కెమెరా లేకపోవడం కారణం కాదు, ఎవరూ ఆయన్ని ఒక్కరినే కూర్చోబెట్టి తీయలేదు. ఈ మాట మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. ఆ బాధని తీసుకెళ్లి కొత్త కెమెరా నెత్తిన పెడితే, ఎంత పెట్టినా చాలదనిపిస్తుంది, షాపులో నలభై వేలది చూడటానికి వెళ్లి లక్షన్నరది కొనుక్కొస్తారు.

మీవారి మాట గురించి. "ముందు దాని సంగతి చూడు" అన్నది లెక్కల మాటలా వినిపించింది మీకు. మీ పుట్టినరోజుకి ఆయన కొన్నది బీరువాలో పడి ఉంది, మీరు ఇంకోదాని గురించి అబ్బాయినీ మరిదినీ సలహా అడుగుతున్నారు. ఆయన్ని అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. నేను తప్పుగా ఊహించి ఉండొచ్చు, మనిషి మీకే తెలుసు. ఫంగస్ చూసే పని మాత్రం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. టార్చి ఆయన్నే పట్టుకోమనండి. పాత కెమెరా పోయిందని తేలితే అది మీ ఇద్దరూ కలిసి తేల్చింది అవుతుంది. బాగుందని తేలితే ఆయన మాట సగం నెగ్గింది, మీ లక్షలో పెద్ద భాగం మిగిలింది. డబ్బు మీ చీటీ డబ్బే, అనుమతి అడగమని నేను చెప్పడం లేదు.

అబ్బాయి సంగతి మొహమాటం లేకుండా చెబుతాను. మిర్రర్‌లెస్ కొంటే అది నెల తిరక్కుండా హైదరాబాద్ హాస్టల్లో ఉంటుందని మీ ఉత్తరంలోనే వాసన వస్తోంది. "వీడియోలు కూడా తీయొచ్చమ్మా" అన్న మాట మీ కోసం అన్నది కాదు కదా. అందులో తప్పేమీ లేదు, కాలేజీ కుర్రాడికి ఆ సరదా ఉంటుంది. అతనికి కొనిపెట్టాలని ఉంటే అతనికే అని చెప్పి కొనండి. మీ గుళ్ల పేరు మీద కొని, తర్వాత సెలవులకి ఎప్పుడు తెస్తాడా అని ఎదురుచూడకండి.

కాంపాక్ట్ వైపు వెళ్లేముందు దాని కష్టాలు కూడా వినండి. లెన్స్ బయటికి, లోపలికి జరుగుతూ ఉంటుంది. ఆ సందులో ఇసుక పడితే ఇరుక్కుంటుంది. లోపల సెన్సర్ మీద నలుసు పడితే మీరు తుడవలేరు, సర్వీస్ సెంటర్లో విప్పాల్సిందే. బ్యాటరీ చిన్నది, ఆర్ఎక్స్100 మార్క్ 7కి కంపెనీ లెక్కే 260 ఫోటోలు, కాబట్టి ఇంకో బ్యాటరీ ఖర్చు కలుపుకోండి. రెండు మూడేళ్లుగా కుర్రకారు మళ్లీ చిన్న కెమెరాల వెంట పడటంతో కొన్ని మోడళ్లకి కొరత వచ్చింది, ధరలూ పెరిగాయి. చిన్నది కాబట్టి చవక అనుకోవద్దు. మంచి జూమ్ కాంపాక్ట్ ధర రెండు లెన్సుల మిర్రర్‌లెస్ కిట్ ధర పక్కనే ఉంటుంది. చవగ్గా కనిపించే కాంపాక్టుల మీద 30 రెట్లు, 40 రెట్లు జూమ్ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. వాటిలో సెన్సర్ చాలా మటుకు 6.2 × 4.6 మి.మీ. మాత్రమే, మంచి ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సర్ దానికంటే పెద్దది. అవి ఉచితంగా ఇచ్చినా గుడి లోపల పనికిరావు.

ఏది కొనేదీ తేలాలంటే మీ ఫోన్ గ్యాలరీ తెరవండి. ఏడాది వెనక్కి వెళ్లి, మీకు నచ్చని ఫోటోలన్నీ ఒక ఆల్బమ్‌లోకి లాగండి. ఎందుకు నచ్చలేదో చూడండి. దూరమై ముద్దగా వచ్చినవి ఎక్కువుంటే మీకు జూమ్ కావాలి. చీకట్లో మనుషులు కదిలిపోయినవి ఎక్కువుంటే ఎఫ్ 1.8 లెన్స్ కావాలి. నచ్చనివి పెద్దగా లేకపోతే? అదీ జరగొచ్చు. అప్పుడు మీవారు పూర్తిగా నెగ్గినట్టే, లక్ష రూపాయలూ చీటీలోకే తిరిగి పోతాయి. ఇదయ్యాక హైదరాబాద్‌లో శని, ఆదివారాలకి ఒక మిర్రర్‌లెస్, ఇంకో వారం ఒక కాంపాక్ట్ అద్దెకి తీసుకోండి. గుర్తింపు కార్డు, కొంత డిపాజిట్ అడుగుతారు. అబ్బాయి తెచ్చిపెడతాడు, అతనికీ సరదా తీరుతుంది. రెండు వారాలూ అదే గుడికి వెళ్లండి, సాయంత్రం భుజం ఎలా ఉందో చూసుకోండి.

నన్ను తూకం వేయమంటే, ఆదివారాలకి ఆర్ఎక్స్100 మార్క్ 7 లాంటి, 24-200 జూమ్ ఉన్న కాంపాక్ట్, ఇంట్లో పాత డీఎస్ఎల్ఆర్‌కి ఒక 50 మి.మీ. లెన్స్, ఈ జోడీ వైపు మొగ్గుతాను. లక్షలో సరిపోతుందో లేదో కొనేరోజు ధర చూసి తేల్చుకోవాలి. సరిపోకపోతే ముందు లెన్స్ కొనండి, కాంపాక్ట్ ఆగుతుంది. పాత బాడీ చచ్చిపోయిందని తేలితే లెక్క మారిపోతుంది. అప్పుడు ఇల్లు, గుడి రెంటికీ ఒకటే కావాలి కాబట్టి మిర్రర్‌లెస్‌కి బలం వస్తుంది. కాకపోతే గుడికి కిట్ లెన్స్, 55-210 మాత్రమే తీసుకెళ్లి, 50 మి.మీ.ని ఇంట్లో వదిలేసే క్రమశిక్షణ ఉండాలి. అద్దె వారాల్లో మీకు ఫోటో తీయడం కంటే నేర్చుకోవడం ఎక్కువ నచ్చిందనుకోండి, అప్పుడు కూడా మిర్రర్‌లెస్సే. కాంపాక్టుతో కొన్నాళ్లకి గోడ తగులుతుంది, లెన్స్ మార్చలేరు కదా.

మరిది గారికి ఇప్పుడే ఏ మోడల్ పేరూ చెప్పకండి. అమెరికాలో కొన్నదానికి వారంటీ చాలావరకు అక్కడికే, ఇక్కడి సర్వీస్ సెంటర్లో డబ్బు కట్టి బాగుచేయించుకోవాలి. లెన్స్ ఇరుక్కుపోయే జాతి కెమెరాకి అది చిన్న విషయం కాదు. ధర బాగా తగ్గుతుందని లెక్క తేలితే తెమ్మనండి, కస్టమ్స్ పరిమితి ఆ సమయానికి ఎంతుందో చూసుకోమని, బిల్లు దగ్గర ఉంచుకోమని చెప్పండి. లేదంటే ఇక్కడే బిల్లుతో కొనుక్కోండి. ఆయన మాట తీసేసినట్టు ఉంటుందని మొహమాటమైతే, మీరు ఏ కెమెరా ఎంచుకున్నారో దానికి కంపెనీ బ్యాటరీ ఒకటి అదనంగా, ఒక మంచి మెమరీ కార్డు తెమ్మనండి. బ్యాటరీ మాత్రం చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు, హ్యాండ్ లగేజీలో పెట్టుకోమని గుర్తు చేయండి.